‘ఓల్డాన్’ తప్పు ఇంగ్లీషు కాదు

బస్సు ఆపమని కండక్టర్ ‘ఓల్డాన్’ అని కేక వేస్తే ముసిముసిగా నవ్వేవాళ్ళను చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. నోరు తిరగక ‘హోల్డాన్’ను పాడుచేశారని వాళ్ళ అభిప్రాయం. ఇంజను మోతలో, కిక్కిరిసిన జనం గోలలో, ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద ఉన్న ముసలమ్మ ప్రాణం డ్రైవరు చెవిన పడే ఆ ఒక్క కేక మీద ఆధారపడి ఉన్నప్పుడు, మాట అరిగి నునుపు తేలడం లోపం కాదు, అవసరం. ‘రైట్ రైట్’ కూడా అలాగే ‘రై రై’ అయింది. ఎంత రద్దీలో విన్నా కదలమనే మాట, ఆగమనే మాట ఒకదానినొకటి పోలవు. బెల్లు భాషలోనూ ఇంతే జాగ్రత్త ఉంది: ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే కదలాలి. ఆపదలో తాడును రెండుసార్లు లాగే వ్యవధి ఉండదు కదా!

అదనపు చక్రానికి లారీవాళ్ళు వాడే ‘స్టెప్నీ’ అనే మాట చరిత్ర ఇంకా గొప్పది. కార్లు అదనపు చక్రం లేకుండా వచ్చే కాలంలో, 1904లో, వేల్స్ దేశపు లనెల్లీ పట్టణంలో డేవిస్ సోదరులు పంక్చరైన చక్రానికి బిగించుకునే చక్రాన్ని తయారుచేశారు. వాళ్ళ దుకాణం ఉన్న వీధి పేరు స్టెప్నీ. ఆ వస్తువు ఎప్పుడో పోయినా, వీధి పేరు మాత్రం మన లారీ షెడ్లలో నిత్యం వినిపిస్తోంది.

అన్నిటికీ ఆ అదృష్టం లేదు. స్టేజీ దాటేముందు బస్సు ఆపించి, కండక్టర్ టికెట్ల నంబర్లు ‘ఎస్సార్’ అనే లెక్కల కాగితంలో ఎక్కించుకోవడం ఒకప్పుడు ప్రయాణికులందరికీ తెలిసిన తంతు. టికెట్లు ముద్రించి ఇచ్చే టిమ్ మిషన్లు వచ్చాక ఆ పని తగ్గింది, పనితోపాటే మాటా మరుగున పడుతోంది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి నేతృత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో, 1971లో చేనేత పదాలతో మాండలిక వృత్తి పదకోశాలు వెలువడ్డాయి. రైతు మాటకు, నేతగాడి మాటకు దక్కిన ఆ గౌరవం చక్రం తిప్పేవాడి మాటకు ఎందుకు దక్కకూడదు? విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు పరిశోధక విద్యార్థులను డిపోలకు, లారీ యూనియన్ ఆఫీసులకు పంపాలి. మాటతోపాటు అది ఏ పనిలో, ఏ సందర్భంలో పలుకుతారో కూడా రాయించాలి. కాగితం టికెట్లు చించి ఇచ్చిన తరం ఇప్పటికే పదవీ విరమణ చేసింది, చేస్తోంది. ముందుగా వాళ్ళ ఇళ్ళకే వెళ్ళాలి.