ఎర్ర చీటీ గారికి ఒక బహిరంగ విన్నపము

మహారాజశ్రీ హోలోటైప్ ఎర్ర చీటీ గారి సముఖమునకు, దేవరకొండలో డిగ్రీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పుకుంటూ కాలం గడుపుతున్న ఒక అధ్యాపకుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మీ విషయంలో ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. మీరు మ్యూజియం పెట్టెలో, కలరా ఉండల వాసనలో, తేమ తగలకుండా, దుమ్ము పడకుండా, మా ఊరి కాగితాలకు ఏనాడూ దక్కని భద్రతతో క్షేమంగానే ఉన్నారు. మీరు వేలాడుతున్న సూదికే, మీకు కాస్త పైన, కుడి రెక్క మొదట్లో పోటు దిగి, ఆరు కాళ్లూ సర్దించుకుని, ఒంటికి రెండింతలున్న మీసాలను వీపు మీదుగా వెనక్కి తిప్పించుకుని నిలిచిన ప్రాణి ఒకటుంది. దాని కుశలం అడిగే ఆచారం మీ దర్బారులో లేదు.

మీ హోదా తెలియని పాఠకుల కోసం రెండు మాటలు చెప్పుకోవాలి. పొడుగు మీసాల పెంకుపురుగులది, అంటే శాస్త్రం సెరాంబిసిడే అని పిలిచే కుటుంబానిది, చాలా పెద్ద వంశం. ప్రపంచం మొత్తం మీద ముప్పై అయిదు వేల పైచిలుకు జాతులకు ఇప్పటికే పేర్లున్నాయి. మన దేశంలోవే పదిహేను వందలు దాటాయి. కొత్త జాతి దొరికిందని ప్రకటించదలచినవారు తమ దగ్గరున్న వాటిలో ఒకే ఒక్క పురుగును ఏరి, పేరు దీనిదేనని, మిగిలినవన్నీ దీనిని బట్టే పోల్చుకోవాలని లోకానికి చెప్పాలి. ఆ ఒక్కదాన్నే హోలోటైప్ అంటారు. దాని సూదికి గుచ్చే చీటీ మీరు. జంతు నామకరణానికున్న అంతర్జాతీయ నియమావళి ప్రకారం, 1999 తరువాత ప్రకటించిన జాతి ఏదైనా సరే, ఆ నమూనా ఏదో, అది ఏ సంస్థలో ఉందో లేక ఉండబోతుందో చెప్పకపోతే పేరు చెల్లదు. మన 2002 నాటి జీవవైవిధ్య చట్టం కూడా కొత్త జాతిని కనుగొన్నవారు నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించాలని శాసించింది. అయితే మీరు ఎర్రగానే ఉండాలని నియమావళి ఎక్కడా అనలేదు. అది కేవలం ఆనవాయితీ. 2017లో మంత్రుల కార్ల మీది ఎర్రబుగ్గలు తీయించారు గానీ, మీ ఎరుపు జోలికి రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

మా ప్రాంతపు రైతుకు పట్టాదారు పాసు పుస్తకం ఎలాంటిదో ఆ పురుగుకు మీరు అలాంటివారు. భూమి కళ్లెదుట ఉంటుంది, నాగలి నడుస్తుంది, పంట పండుతుంది, అయినా పుస్తకంలో ఎక్కనిదే ఆ భూమి ఉన్నట్టు కాదు. నల్లమలలో ఆ పురుగు తాతముత్తాతల కాలం నుంచి మానులు తొలుచుకుంటూ బతికినా, మీరు వచ్చిన రోజునే అది పుట్టినట్టు లెక్క. ఒక్క తేడా మాత్రం ఉంది. మీ పుస్తకంలో పట్టా పురుగు పేరున ఉండదు. జాతి పేరు పక్కనే ప్రకటించినవారి ఇంటిపేరూ, సంవత్సరమూ ఎక్కుతాయి. ఒకే భూమిని ఇద్దరికి రిజిస్టరు చేసినట్టు, ఒకే పురుగును ఇద్దరు రెండు పేర్లతో ప్రకటించడం మీ రాజ్యంలోనూ జరుగుతూనే ఉంటుంది. అప్పుడు ముందు ఎక్కిన పేరే నిలుస్తుంది. ఆ లెక్క 1758 జనవరి 1 నుంచి మొదలవుతుంది. అంతకు ముందు ఎవరు ఏమని పిలిచినా మీకు వినపడదు.

ఇందులో తగవులకు కొదవ లేదు. స్టెఫాన్ ఫాన్ బ్రాయ్‌నింగ్ అనే ఆస్ట్రియా దేశస్థుడు ఒక్కరే ఈ కుటుంబంలో ఏడు వేలకు పైగా పేర్లు పెట్టారు, వాటిలో చాలావాటికి వర్ణన నాలుగు ముక్కలకు మించదు. మన దేశపు పొడుగు మీసాల పురుగుల మీద గాహన్ అనే కీటక శాస్త్రజ్ఞుడు రాసిన సంపుటం 1906లో వచ్చింది. నూటికి పైగా ఏళ్లు గడిచినా దానిని తిరగేయకుండా ఎవరికీ పని జరగదు. ఆ కాలపు నమూనాలు చాలావరకు లండను మ్యూజియంలో ఉన్నాయి. కాబట్టి అమ్రాబాద్ అడవిలో దొరికినది కొత్తదని తేల్చాలంటే, ముందుగా అక్కడ సూదికి ఎక్కి ఉన్నవాటి ఫొటోలు తెప్పించుకుని, మీసాల కణుపులు లెక్కపెట్టుకోవాలి. మా అడవిలోని పురుగు సంగతిని మేము లండనును అడిగి తెలుసుకోవడం మీకు వింతగా తోచదు. మాకు కూడా అలవాటైపోయింది.

పేరు పెట్టే దగ్గర మీరు చూపే ఔదార్యాన్ని మాత్రం తప్పక మెచ్చుకోవాలి. నియమాలకు లోబడిన అక్షరాల కూర్పు అయితే చాలు, ఎవరి పేరైనా మీకు సమ్మతమే. స్లొవేనియా గుహల్లో బతికే ఒక గుడ్డి పెంకుపురుగుకు 1937లో హిట్లరు పేరు పెట్టారు. హిట్లరు పోయాడు, అతని రాజ్యం పోయింది, పేరు మాత్రం అలాగే ఉంది. కారణం, ఒకసారి సక్రమంగా ఎక్కిన పేరును నచ్చలేదని తీసేసే పద్ధతి మీ దగ్గర లేదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నాయకుల పేరున ఫ్లెక్సీలు కట్టించే అభిమానులకు ఈ మాట ముందుగానే చెప్పి ఉంచడం మంచిది. నాయకుడు కండువా మార్చినంత సులువుగా పురుగు పేరు మారదు.

ఇక మీ కిందనే ఉండే తెల్ల చీటీ సంగతి. దొరికిన చోటు, తేదీ, పట్టినవారి పేరు దానిమీద ఉంటాయి. మన్ననూరు దగ్గర 2014కు ముందు పట్టిన పురుగు మీద మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. అదే చోట ఇప్పుడు పడితే నాగర్‌కర్నూల్ జిల్లా, తెలంగాణ అవుతుంది, ఎందుకంటే 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారింది. అడవి జానెడు కూడా జరగలేదు. ఇది నవ్వులాట కాదు. కొత్త జాతులు పట్టుబడిన నాటి నుంచి ప్రకటన వెలువడే దాకా మ్యూజియం పెట్టెల్లో సగటున 21 ఏళ్లు గడుపుతున్నాయని 2012లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఆ లోపల రాష్ట్రాలే పుడుతుంటే జిల్లాల మాట చెప్పేదేముంది?

ఇంతవరకు చెప్పినవన్నీ ఓర్చుకోదగినవే. నా అసలు ఫిర్యాదు వేరు.

మీ పక్కన అచ్చయ్యే జాతి వర్ణన ఎంత నిష్ఠగా ఉంటుందో నాకు తెలుసు. మీసాలకు పదకొండు ఖండాలు, అందులో మూడవది మొదటిదానికంటే ఎంత పొడవు. కళ్లు మీసాల మొదలును ఎంతవరకు చుట్టుకున్నాయి. మెడపట్టకు పక్కల ముల్లు ఉందా లేదా. రెక్కల మీది నూగు బూడిదరంగా, పసుపుతిరిగిన బూడిదరంగా. పాదంలో నాలుగే ఖండాలుగా కనిపించినా, మూడవదాని తమ్మెల మధ్య దాక్కున్న బుల్లి ఖండంతో కలిపి అయిదు అన్న సంగతి. అంతటితో వదలరు. మగదాని పొట్టను వెచ్చని నీళ్లలో నానబెట్టి, జననాంగాన్ని బయటికి తీసి, పొటాషియం హైడ్రాక్సైడులో శుభ్రం చేసి, గ్లిజరినులో పరుండబెట్టి, పై నుంచీ పక్క నుంచీ బొమ్మ గీస్తారు. జాతిని జాతి నుంచి వేరుచేసేది అదే కాబట్టి నేను తప్పు పట్టను. కానీ ఇన్ని పేజీల తరువాత ఏ చెట్టు మీద బతుకుతుందన్న చోటికి వచ్చేసరికి చాలాసార్లు ఒక్కటే మాట ఎదురవుతుంది: తెలియదు. రాత్రిపూట తెల్లబట్ట ముందు వెలిగించిన దీపానికి వచ్చింది, పట్టుకున్నాము, అంతే.

ఆ పురుగు జీవితంలో దీపం దగ్గరికి వచ్చిన రాత్రి ఎంత? తల్లి బెరడును కొరికి గాటు పెట్టి అందులో గుడ్డు దాచింది మొదలు, పిల్లపురుగు మానులో నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏళ్ల తరబడి, చీకట్లో తొలుచుకుంటూ, అక్కడే కోశస్థ దశ దాటి, రెక్కలు గట్టిపడ్డాక బయటికి వస్తుంది. బయట బతికేది కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. మీరు గుచ్చి ఉంచినది ఆ చివరి కొద్ది రోజుల వేషాన్ని. చేతిలో పట్టుకుంటే మెడ ఆడించి కిర్రుమని అరిచేది, ఆ అరుపు కూడా మీ లెక్కలోకి రాదు.

అన్ని పురుగుల చిరునామా మీకు తెలియదని నేను అనలేదు. మామిడి కాండాన్ని తొలిచే బాటోసెరా రూఫోమాక్యులేటాకు 1775లోనే పేరు పెట్టారు, దాని ఇల్లు ఏదో కొల్లాపూర్ రైతును ఎవరిని అడిగినా చెబుతాడు. వయసు మళ్లిన మామిడి చెట్టు మొదట్లో, నేలకు మూరెడు ఎత్తున, బెరడు చిట్లిన చోట తడిసిన రంపపు పొట్టు లాంటిది రాలి, పక్కనే జిగురు కారి నల్లబడి ఉంటే, అతను సైకిల్ చువ్వ తెచ్చి, కన్నంలోకి మెల్లగా పోనిచ్చి, కొసకు మెత్తగా తగిలేదాకా తోస్తాడు. లోపలిది బొటనవేలంత లావున, పాలతెలుపున, కాళ్లు లేకుండా ఉంటుంది; దవడలు మాత్రం నల్లగా, ఉలి మొనలా ఉంటాయి. చువ్వకు చిక్కకపోతే పెట్రోలులో ముంచిన దూది కుక్కి, పైన బంకమట్టి మెత్తుతాడు. తుమ్మను, ద్రాక్షను తొలిచే సెలోస్టెర్నా స్కాబ్రేటర్ గురించి కూడా పుస్తకాలలో కావలసినంత ఉంది. మనకు నష్టం చేసిన పురుగు ఇంటి గుర్తులన్నీ రాసిపెట్టుకున్నాము. ఎవరి జోలికీ పోకుండా, అడవిలో పడిపోయిన నల్లమద్ది దుంగనో, ఎండిన చిరుమాను కొమ్మనో నమిలి మట్టిలో కలిపే పురుగు మాత్రం చిరునామా లేకుండానే సూదికి ఎక్కుతోంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలు కట్టి పురుగుమందు ఎక్కించే దాకా, ఆ ఊడల లోపల చెదలు ఏం చేస్తున్నాయో మనకూ పట్టలేదు కదా.

దోషం మొత్తం మీ నెత్తిన రుద్దడం కూడా అన్యాయమే. నియమావళి అడిగేది తేడాలు చెప్పే మాటలు, నమూనా, దాని భద్రత. చెట్టు పేరు అడగదు. అడగనిది రాసినందుకు పదోన్నతి రాదు. ఒక దుంగను దోమతెరలో కట్టి ఏడాదిపాటు కాపలా కాసినవారికి దక్కేది ఒకటో రెండో పురుగులు. అదే ఏడాదిలో దీపం వెలిగించుకుని కూర్చున్నవారికి నాలుగు ప్రకటనలకు సరిపడా సరుకు దొరుకుతుంది. పులుల అభయారణ్యంలో పురుగులు పట్టడానికి అటవీశాఖ అనుమతి కావాలి, ఆ అనుమతి చెల్లేది కొద్ది రోజులే. అంత తక్కువ వ్యవధిలో ఎవరైనా దుంగ దగ్గర కూర్చుంటారా, దీపం దగ్గర కూర్చుంటారా? ఏ ఎండుమానులో ఏ పురుగు ఉంటుందో తేనెకూ బంకకూ అడవంతా తిరిగే చెంచు పెద్దలను అడగవచ్చు గానీ, వారి మాటను ఎక్కడ గుచ్చాలో మీరు చూపించలేదు.

కాబట్టి నేను కోరేది స్వల్పం. మీ సూదికే ఇంకొక చీటీకి చోటివ్వండి. దాని రంగు మీ ఇష్టం. దానిమీద చెట్టు పేరు, మాను పచ్చిదో ఎండుదో, పిల్లపురుగు దొరికిందో లేదో రాసుకుంటాము. తెలియకపోతే ఖాళీగానే ఉంచుతాము. ఖాళీ చీటీ కళ్లబడితే, తరువాత వచ్చేవారికైనా దుంగ మోసుకొచ్చే బుద్ధి పుడుతుంది.

ఇట్లు,
తమ విధేయుడు,
జంతుశాస్త్ర అధ్యాపకుడు, దేవరకొండ.

తా.క.: రోడ్డు వెడల్పు కోసం కొట్టేసిన దిరిసెన కొమ్మ ఒకటి తెచ్చి, మా ప్రయోగశాలలో దోమతెర కట్టి ఉంచాము. లోపల కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది, కింద పొట్టు రాలుతోంది. బయటికి వచ్చేది బహుశా పాత జాతే అయి ఉంటుంది. అయినా అటెండరు దానిని టీ కాచే కట్టెల్లో కలిపేయకుండా, తమ అనుమతి అడగకుండానే, పైన ఒక ఎర్ర చీటీ అంటించాము. ఇప్పటిదాకా బాగానే పనిచేస్తోంది.