నీరసమైన కోడికి ఒక సమర్థన

గ్రిల్ మీద కాల్చిన చికెన్ బ్రెస్ట్ పీచుపీచుగా ఎండి, తినేవారి దవడలకు తగినంత వ్యాయామం కల్పించాలన్నది మన ఇళ్లలో ఏనాడో జరిగిపోయిన తీర్మానం. ఈ మధ్య కొందరు థర్మామీటర్ చేతబట్టి ఆ తీర్మానాన్ని తిరగదోడుతున్నారు కనుక, ఎండుముక్క పక్షాన నాలుగు మాటలు చెప్పడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

ప్రతిపక్షం వాదన ఇది. ఆ మాంసంలో ముప్పాతిక వంతు నీరే, కొవ్వు నూటికి 2, 3 పాళ్లకు మించదు. లోపలి వేడి 65 డిగ్రీలు దాటేకొద్దీ కండలోని ప్రొటీన్లు ముడుచుకుని, తడిబట్టను పిండినట్టు నీటిని బయటికి తోసేస్తాయి. కాబట్టి ముక్కలో అన్నిటికంటే మందమైన చోట 74 డిగ్రీలు చూపించగానే దించెయ్యాలట, సాల్మొనెల్లా వంటి క్రిములు అక్కడికి క్షణాల్లోనే చచ్చిపోతాయట. అలా చచ్చినదాన్ని 90 దాకా కాల్చడమెందుకని వీరు అడుగుతున్నారు. చచ్చిన పామును మళ్లీ మళ్లీ కొట్టడంలోని నిశ్చింత వీరికెలా అర్థమవుతుంది?

మా బావగారినే తీసుకోండి. ముక్క గ్రిల్ మీద పడగానే ఆయన అట్లకాడతో దాన్ని అదిమి పట్టుకుంటారు. సుయ్యిమని చప్పుడు, బొగ్గుల మీద రాలిన చుక్కలు, ఒక్కసారిగా ఎగసిన మంట, చుట్టూ నిలబడ్డవారి హర్షధ్వానాలు. రసాభాస అనే మాటకు ఇంతకంటే అక్షరార్థం దొరకదు. పెద్ద మంట మీద పైపొరను మాడిస్తే రసమంతా లోపలే బందీ అయిపోతుందని 19వ శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్ ప్రచారంలోకి తెచ్చిన సిద్ధాంతాన్ని ఆయన ఇప్పటికీ నమ్ముతారు. కాల్చకముందూ కాల్చాకా తూకం వేసి చూసినవారు అది తప్పని తేల్చారు, నిజమే. ఆ సుయ్యిమనే చప్పుడే నీరు పారిపోతున్న చప్పుడు. అయితే పైపొర ఎర్రబడడం వల్ల వచ్చే కమ్మటి వాసనను మాత్రం ఎవరూ కాదనలేదు, దాన్ని మేం మసి దాకా తీసుకెళతామంతే.

సంస్కర్తల తక్కిన సలహాలు మరీ విడ్డూరం. లీటరు నీటికి 50, 60 గ్రాముల ఉప్పు కలిపి ముక్కను అరగంట, గంట నానబెడితే, ఉప్పు కొన్ని ప్రొటీన్లను కరిగించి అవి వేడికి బిగుసుకుపోకుండా చూస్తుందట. తర్వాత తడి లేకుండా తుడిచి నూనె రాయాలట. నీటిని కాపాడడానికి నీళ్లలో ముంచడమూ, ముంచినదాన్ని తుడవడమూ! నిమ్మరసంలో రాత్రంతా ఊరబెట్టే మా పద్ధతికి ఈ గందరగోళం లేదు. పులుపుకు పైభాగం పొయ్యి ఎక్కకముందే గట్టిపడి, సగం పని అక్కడే పూర్తవుతుంది. ముక్క ఒక కొస పిడికిలంత లావు, రెండో కొస వేలంత పలచన అయితే, లావు కొస ఉడికేసరికి పలచన కొస అట్టముక్క అవుతుంది. దాన్ని అప్పడాల కర్రతో మోది 2 సెంటీమీటర్ల మందానికి సమం చెయ్యమంటారు. ఒకే ముక్కలో రెండు రుచులు పోగొట్టుకోవడం దేనికి? బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, ఎర్రబడిన ముక్కను మంట లేని పక్కకు జరిపి మూత పెట్టమన్న సలహా గురించి నేను మాట్లాడను. మూత పెడితే చూసేవారికేం మిగులుతుంది?

మొన్న కలిసినప్పుడు మా మేనకోడలు వాళ్ల నాన్న చూడకుండా ఒక ముక్కలో థర్మామీటర్ గుచ్చి, 74 రాగానే తీసి పళ్లెంలో పెట్టి, ఐదు నిమిషాలు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. బావగారు వచ్చి కత్తితో అడ్డంగా కోశారు. లోపల తెల్లగా ఉడికిన మాంసం నిగనిగలాడింది, కత్తి అంచున చిన్న రసపు బొట్టు నిలిచింది. ఆయన దాన్ని దీపం కిందికి తీసుకెళ్లి చాలాసేపు పరిశీలించారు.

“పచ్చిగా ఉందమ్మా” అని, మళ్లీ మంట మీదికి చేర్చారు.