డార్విన్ గాలి, గండిపేట నీరు

ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్‌లో గాలి పీడనం పెరిగి, పసిఫిక్ నడుమ తాహితీ దీవిలో తగ్గుతోందంటే గండిపేట నీటి మీద ఆధారపడిన హైదరాబాద్ వాసులం అప్రమత్తం కావాలి. ఈ ముడిని వందేళ్ల కిందట పట్టుకున్నది మన దేశపు వాతావరణ శాఖే. 1899లో వానలు మొహం చాటేసి ఘోర కరవు తెచ్చాయి. 1904లో శాఖ పగ్గాలు అందుకున్న గణితవేత్త గిల్బర్ట్ వాకర్ దేశదేశాల పీడన లెక్కలు తెప్పించి, గుమాస్తాల చేత ఓపికగా పోల్చి చూపించారు. ఏతాం మాను ఒక కొన లేస్తే రెండో కొన వాలినట్లు, పసిఫిక్‌లో పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, ఆ వరస మళ్లీ తిరగబడుతుందని తేల్చారు. దాన్నే దక్షిణ డోలనం అంటున్నాం.

పీడనాల తేడా తగ్గితే తూర్పు నుంచి పడమరకు వీచే వ్యాపార పవనాలు నీరసిస్తాయి. ఇండోనేసియా వైపు పోగుపడిన వెచ్చని నీరు పెరూ తీరం వైపు మళ్లుతుంది. దాని వెంటే మేఘాలూ మళ్లుతాయి. అదే ఎల్‌నినో. అప్పుడు పెరూలో వరదలు, ఇండోనేసియాలో ఎండిన అడవులకు మంటలు, మనకు బలహీన రుతుపవనాలు. అలాగని ఇది తప్పించుకోలేని రాత కాదు. 1997లో ఎల్‌నినో అతి తీవ్రంగా ఉన్నా దేశంలో వానలు సాధారణంగానే కురిశాయి.

2015 మాత్రం కనికరించలేదు. దేశంలో వర్షపాతం 14 శాతం తగ్గింది. ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ జలాశయాలు అడుగంటాయి. ఎల్‌నినోకు వ్యతిరేక దశ అయిన లానినా నడిచిన 2020 అక్టోబరులో బంగాళాఖాతపు వాయుగుండం ఇదే నగరాన్ని ముంచెత్తింది. ఆ ఒక్క వానకు లానినాయే కారణమని ఎవరూ చెప్పలేరు. అయినా కరవుకూ వరదకూ ఒకేలా సిద్ధంగా ఉండాల్సిన నగరం మనదని ఆ రెండేళ్లూ చూపించాయి.

సముద్రాలను నిత్యం గమనించే ఇన్‌కాయిస్ సంస్థ ప్రగతినగర్‌లోనే ఉంది. హెచ్చరిక పక్కింటిలో ఉండి కూడా జలాశయాల నిర్వహణ ఏటా వాన పడ్డాకే మేల్కొంటే బాధగా ఉంటుంది. ఎల్‌నినో అంచనాలు వేసవిలో తడబడతాయి, జూన్ దాటాక గట్టిపడతాయి. కాబట్టి జూన్‌లో ఒక నీటి ప్రణాళిక ప్రకటించి, ఆగస్టులో దాన్ని సవరించాలి. ఎంత నిల్వ ఉంచుతారో, ఎప్పుడు గేట్లు తెరుస్తారో ముందే ప్రజలకు చెప్పాలి. పరీవాహక ప్రాంతానికి రక్షణగా 1996లో వచ్చిన 111 జీవోను సడలించిన నిర్ణయాన్ని ప్రభుత్వం ఈ లెక్కలు ముందుంచుకుని మళ్లీ పరిశీలించాలి.