హాజరు పోకూడదు, అంతే!

కర్నూలు తల్లిదండ్రులకు ఐకమత్యం లేదంటే నేనొప్పుకోను. బడుల్లో కోవిడ్‌ను ఇంకా ఎంత పట్టించుకోవాలన్న దాని మీద రెండు వర్గాలుగా చీలిపోయిన మాట నిజమే. అయితే పిల్లోనికి జ్వరమొచ్చినా హాజరు మాత్రం పోకూడదన్న దగ్గర అందరిదీ ఒకటే మాట.

మొదటిది మాస్కు వర్గం. 2020 ఏప్రిల్‌ను వీళ్లు మరిచిపోలేదు. రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లాల్లో మనదొకటి. వీధులకు అడ్డంగా కట్టెలు కట్టినారు, పాల ప్యాకెట్లకు సబ్బుస్నానాలు చేయించినాం. రెండోది ‘ఇంకా యాడుందప్పా కరోనా’ వర్గం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ఎత్తేసిందని వీళ్లకు తేదీతో సహా కంఠతా వచ్చు. వైరస్ ఇంకా తిరుగుతానే ఉందని అదే సంస్థ అదే రోజు చెప్పిన ముక్క మాత్రం వాట్సాప్ గ్రూపు దాకా రాలేదు.

ఇప్పుడు ఉమ్మడి కార్యక్రమం చూడండి. పొద్దున ఆరున్నరకు పిల్లోని నుదురు కాలిపోతుంటుంది. పారాసిటమాల్ సిరప్ మూతలో పోసి, ముక్కు మూసి తాగిస్తాం. ఏడున్నరకు ఆటో హారన్ కొట్టేసరికి చెమట పడుతుంది. ‘తగ్గిందిలే’ అని బ్యాగు తగిలిస్తాం. మందు పనిచేసేది నాలుగు గంటలో, ఆరు గంటలో. అంటే అన్నం బెల్లు దాకా మన పూచీ, ఆ తర్వాత క్లాస్ టీచర్ పూచీ. మధ్యలో ఆటోలో ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్న పిల్లోళ్ల పూచీ ఎవరిదని అడగొద్దు, అది ఆటో అన్నకు, దేవుడికి మధ్య వ్యవహారం.

బడి యాజమాన్యాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. ఏడాదంతా ఒక్కరోజూ మానని పిల్లోనికి వార్షికోత్సవంలో స్టేజీ మీద షీల్డు ఇస్తారు. ఆ షీల్డు షోకేసులోకి రావాలంటే పక్క బెంచీ వాళ్లు నాలుగు రోజులు దగ్గాల్సిందే. త్యాగం లేకుండా ఘనత ఎట్లొస్తుంది? జ్వరంతో వచ్చినోళ్లకు షీల్డు మీద ఒక నక్షత్రం అదనంగా వేయించాలని నా మనవి.

కిటికీల మాట కూడా కొందరు ఎత్తుతున్నారు. ఈ రోగం గాలిలో పాకుతుంది, గాలి ఆడితే తగ్గుతుంది అంటారు. బాగానే ఉంది. మరి ఏసీ క్లాసురూము అని వేరుగా కట్టిన ఫీజు సంగతేంది? కిటికీ తెరిస్తే మన డబ్బులు బయటికి పోతాయి. పైగా గేటు దగ్గర కాలితో తొక్కే శానిటైజర్ స్టాండు ఉండనే ఉంది. సీసా ఎండిపోయి చాన్నాళ్లయింది గానీ, తొక్కితే శబ్దం ఇప్పటికీ వస్తుంది.

చివరికి మొన్నటి పేరెంట్స్ మీటింగులో తీర్మానం చేసినారు. మాస్కు పెట్టుకునేటోళ్లు పెట్టుకోవచ్చు, వద్దనేటోళ్లు మానుకోవచ్చు. కిటికీల సంగతి వచ్చే మీటింగులో. జ్వరమొస్తే ఇంట్లో ఉంచుకుందామా అని వెనక నుంచి ఒకమ్మ అడిగింది గానీ, అప్పటికే టీ వచ్చింది. టీ తాగుతా ఒకాయన మెల్లగా, “ఏ సిరప్ అయితే లాంగ్ బెల్లు దాకా ఆగుతుందన్నా?” అన్నాడు. రెండు వర్గాల వాళ్లూ గ్లాసులు కిందపెట్టి ఆయన చుట్టూ చేరినారు.