మెడ విరిచే సింకు

సెలూన్‌లో తల కడిగించుకోవడం హాయి అంటారు. ఎవరికండీ హాయి? ఆ సింకు అంచు మీద మెడ ఆనించి చూడండి, తెలుస్తుంది. గట్టి పింగాణీ, చల్లగా, సరిగ్గా ఎముక మీదే నొక్కుకుంటుంది. పొట్టివాళ్లకి అందదు, పొడుగువాళ్లు కుర్చీలోంచి కిందికి జారాలి. తల బరువు మనమే బిగబట్టి మోస్తుంటే, "రిలాక్స్ అవ్వండి" అని పైనుంచి సలహా! నీళ్లు చెవిలోకి, వీపు మీదికి. టవల్ మడిచి పెట్టమంటే అదేదో గొంతెమ్మ కోరిక అయినట్టు ఓ చూపు.

సుకుమారం అనుకోకండి. మెడ ఇలా వెనక్కి వంచితే మెదడుకి రక్తం తీసుకెళ్లే ధమని నొక్కుకుపోయి స్ట్రోక్ రావొచ్చని 1993లోనే ఒక అమెరికన్ డాక్టర్ 5 కేసులతో రాశారు. అరుదే, కాదనను. "బ్యూటీ పార్లర్ స్ట్రోక్" అని పేరు కూడా పెట్టారు. పేరు పెట్టారు సరే, సింకు మార్చారా?

ఏం అడిగాం? బేసిన్ పైకీ కిందికీ జరగాలి. మెడ కింద మెత్తటి జెల్ దిండు ఉండాలి. కాళ్లు చాపుకునే కుర్చీ కావాలి. ఇవన్నీ మార్కెట్లో ఉన్నవే! అద్దాలకీ లైట్లకీ పోసే డబ్బు ఇక్కడికొచ్చేసరికి ఎందుకు ఆగిపోతుంది? పోనీ, రోజంతా వంగి కడిగే ఆ అమ్మాయి నడుమైనా పట్టదా?