రొయ్యకు 50, మందుబిళ్లకు సున్నా

"టారిఫ్ వేసింది ట్రంప్, కట్టేది ఇండియా" అని వాట్సాప్‌లో ఇంకా తిప్పుతూనే ఉన్నారు. కస్టమ్స్‌లో ఆ డబ్బు కట్టేది అక్కడ సరుకు దించుకునే దిగుమతిదారు. మనవాడు డీడీపీ షరతుకు (సుంకం కూడా అమ్మేవాడే కట్టి సరుకు చేర్చాలన్న షరతు) సంతకం పెట్టి ఉంటే తప్ప! అలాగని మనకు నష్టం లేదనుకోకండి.

మన సరుకు మీద అమెరికా 2025 ఆగస్టు 7న 25 శాతం, 27న రష్యా చమురు వంకతో ఇంకో 25 వేసింది. అప్పుడు రొయ్యల్లో మన పోటీదారు ఈక్వడార్‌కు 15 మాత్రమే. అమెరికా సుంకం లెక్కగట్టేది ఎఫ్‌ఓబీ విలువ (ఓడ కిరాయి, బీమా కలపని ధర) మీద. ఈక్వడార్ రొయ్య 100 డాలర్లదైతే సుంకంతో 115. మన సరుకూ అదే ధరకు పడాలంటే అప్పుడు ఇక్కడ 77 డాలర్లకే ఇవ్వాల్సి వచ్చేది. మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్, సబ్సిడీ వ్యతిరేక సుంకాలు ఇందులో కలపనేలేదు. ఆ 23 డాలర్లలో బయ్యర్ కొంత మోస్తాడేమో, మిగతాది భీమవరం చెరువు గట్టు మీద కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్కతో రైతుకిచ్చే ధర)లోంచే కోస్తారు. మేత ధర మాత్రం తగ్గదు.

హైదరాబాద్‌కు ఈ సెగ తగల్లేదు. జెనరిక్ మందులను మినహాయించారు కాబట్టి. మన మీద ప్రేమేమీ కాదు, అక్కడి ప్రిస్క్రిప్షన్లలో 10కి 9 జెనరిక్‌లే. అందుకే ఇక్కడ కూర్చుని "యూరప్‌కు పంపేసుకోండి" అనడం తేలిక. మన చెరువు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగం యూరప్ రేవుల్లో పరీక్షకు పోతాయి. నైట్రోఫ్యూరాన్ అనే నిషేధిత యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే కంటైనర్ వెనక్కే. వియత్నాం మీదుగా తిప్పుదామనే తెలివితేటలకూ 2025లో అమెరికా మందు పెట్టింది: దొంగదారి సరుకుకు 40 శాతం. డబ్బా మార్చితే పుట్టిన దేశం మారదు.

అసలు భయం వేరే. 2018లో అమెరికా సోయా మీద చైనా 25 శాతం వేసింది. కొనుగోళ్లు బ్రెజిల్‌కు మళ్లాయి. 2020లో ఒప్పందం కుదిరినా బ్రెజిల్ పైచేయి పోలేదు. కొత్త దుకాణం మరిగినవాడు పాత దుకాణానికి ఊరికే రాడు.

ఎగుమతి చేసేవాళ్లు ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించుకోండి: సరుకు ఓడెక్కాక సుంకం మారితే ఎవరు భరించాలి? ఆగస్టు 27కి ముందు ఓడకెక్కి, సెప్టెంబర్ 17లోపు అమెరికాలో క్లియర్ అయిన సరుకుకు రెండో 25 పడలేదు. అంటే బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడకెక్కినట్టు ఇచ్చే పత్రం) మీద తేదీ అంత తేడా చేసింది.