90 రోజుల నోటీసు ఉన్నంతకాలం హైబ్రిడ్ గొడవ వృథా

ఐటీ కంపెనీల్లో హైబ్రిడ్, అంటే కొన్ని రోజులు ఇంట్లో, కొన్ని రోజులు ఆఫీసులో. వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలన్న పంచాయితీ ఇంకా తెగలేదు. టీసీఎస్ 2024లో ఆఫీసు హాజరుకూ వేరియబుల్ పే (జీతంలో స్థిరంగా ఉండని భాగం)కూ ముడిపెట్టింది: హాజరు 60 శాతం లోపైతే సున్నా, 85 దాటితేనే పూర్తి మొత్తం. ఇన్ఫోసిస్ 2025 మార్చి నుంచి ఉద్యోగ హోదాల్లో లెవెల్ 5, ఆ కింది వాళ్లకు నెలకు 10 రోజులు ఆఫీసుకు రావడం తప్పనిసరి చేసింది. సరే, నచ్చనివాళ్లు ఇంకో చోటికి ఎందుకు పోరు? అడ్డుపడేది ఆఫర్ లెటర్‌లో సంతకం పెట్టేటప్పుడు ఎవరూ పట్టించుకోని ఒక్క లైను: 90 రోజుల నోటీసు. అంటే రాజీనామా పెట్టాక కూడా మూడు నెలలు అక్కడే పనిచేయాలి.

ఉద్యోగాలు వెతికే నౌకరీ సైటులో రిక్రూటర్లు నోటీసు ఫిల్టర్ పెడతారు. ‘15 రోజుల్లోపు’ అని నొక్కితే మూడు నెలల వాళ్ల ప్రొఫైల్ కనబడదు. అందుకే చేతిలో ఆఫర్ లేకుండానే రాజీనామా పెట్టి, ప్రొఫైల్‌లో ‘సర్వింగ్ నోటీస్’ (నోటీసులో ఉన్నా) అని మార్చుకుని, ఆఖరి నెలలో ఇంటర్వ్యూలకు పరిగెత్తుతున్నారు. హోమ్ లోన్ ఉన్నవాళ్లు ఆ జూదం ఆడగలరా? ఆఫర్ వచ్చినా బైఔట్, అంటే మిగిలిన నోటీసు రోజులకు డబ్బు కట్టి ముందే వెళ్లడం, చాలాచోట్ల మేనేజర్ దయ. ఆ డబ్బు గ్రాస్ (మొత్తం జీతం) మీద లెక్కా, బేసిక్ (మూల వేతనం) మీదా అన్నది ముందే మెయిల్‌లో రాయించుకోవాలి. నెలకు 80 వేల గ్రాస్ ఉంటే 45 రోజుల బైఔట్‌కు 1,20,000. బేసిక్ అందులో సగమైతే 60 వేలే. మిగిలిన ఈఎల్స్ (సంపాదిత సెలవులు) నోటీసులో సర్దుతారో లేదో కూడా అడగాలి.

ఇష్టం లేని ఉద్యోగాన్ని కోర్టు కూడా బలవంతంగా చేయించలేదు; కంపెనీ అడగగలిగేది పరిహారమే. అయినా అందరూ భయపడేది రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేశామని కంపెనీ ఇచ్చే పత్రం) రాదేమోనని. అది లేకపోతే కొత్తచోట బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతారు. మానేసిన రెండు పనిదినాల్లో జీతం బకాయి తేల్చాలని వేతనాల కోడ్ అంటోంది. లెటర్ ఊసు ఆ సెక్షన్‌లో లేదు.

నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ (కేటీ, అంటే పని వివరాలు ఇంకొకరికి అప్పగించడం)కు టైమ్ కావాలంటారు యాజమాన్యాలు. అదే ప్రాజెక్టులో అమెరికాలోని క్లయింట్ ఉద్యోగి రెండు వారాల నోటీసిచ్చి వెళ్లిపోతాడు, ప్రాజెక్టు నడుస్తూనే ఉంటుంది. తీసేయాలనుకుంటే నోటీసు జీతం చేతిలో పెట్టి ఆ రోజే ల్యాప్‌టాప్ లాక్కునే కంపెనీకి అప్పుడు కేటీ గుర్తుకు రాదు మరి.

ఒత్తిడి తగ్గించడానికి యోగా సెషన్లు, కౌన్సెలింగ్ హెల్ప్‌లైన్లు పెట్టుకోండి, కాదనేది లేదు. రాత్రి 11 గంటల కాల్‌కు రానని చెప్పగలిగేది మాత్రం నెలలో ఇంకోచోట చేరగలిగినవాళ్లే.

ఇక ప్రభుత్వాల సంగతి. విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇచ్చారు. రెండు తెలుగు రాష్ట్రాలూ దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల వంటి సెక్షన్ల నుంచి ఐటీకి మినహాయింపులు పొడిగిస్తూ వస్తున్నాయి. ఎన్ని ఉద్యోగాలిస్తారని అడుగుతారే తప్ప, ఎలాంటి షరతులతో ఇస్తారని ఏ మంత్రీ అడగడు. ఉద్యోగి రాజీనామా చేస్తే నోటీసు 30 రోజులు మించకూడదు, ఆఖరి పనిరోజునే రిలీవింగ్ లెటర్ చేతికివ్వాలి. మినహాయింపు జీవో ఈసారి పొడిగించేటప్పుడు ఈ రెండు షరతులూ అందులోనే రాయాలి.